పాత వల కొలత

కరెంటు పోయి చాలాసేపయింది, బాపు ఇంకా రాలేదు. ఆ రెండు రాకలూ ఇంకొంచెం ఆలస్యమైతే బాగుండునని ఉమారాణి మనసులోనే మొక్కుకుంటోంది. కరెంటు రావద్దని మొక్కుకునే మనిషి ఇబ్రహీంపట్నం మొత్తంలో ఈ పూటకు తానొక్కతే అయి ఉంటుంది. కింద సాగర్ రోడ్డు మీద దేవరకొండ బస్సు ఎవరినో తిట్టినట్టు హారన్ కొట్టింది, మిర్చిల నూనె వాసన మెట్లెక్కి పైదాకా వచ్చింది, ఆగిన ఫ్యాను రెక్కల మీద దుమ్ము తీరిగ్గా కనిపిస్తోంది. జయపాల్ కంప్యూటర్ షాపు అంటే పేరుకే షాపు, ఒక గది, ఒక పొడుగు బల్ల, గోడకు వేలాడే వైర్లు. బల్ల మీద మూడు మదర్‌బోర్డులు పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. అది పెద్ద కష్టం కాదు, ఒళ్లో ఉన్న నాలుగో బోర్డుతోనే కష్టమంతా. అట్టపెట్టెలో భద్రంగా ఉన్న ఆ బోర్డు బాపు తన కష్టంతో కొని తెచ్చినది, కొత్త కంప్యూటర్‌కేమో అది పనికిరాదు. చేపలు అమ్ముడుపోగానే నేరుగా ఇక్కడికే వస్తానన్నాడు బాపు, తన బోర్డు మీద కూతురి కంప్యూటర్ నడవడం కళ్లారా చూడడానికి.

సంగతి చెబితే నవ్వులాటగానే ఉంటుంది. పొద్దున షాపు తీయగానే జయపాల్ సామానంతా బల్ల మీద పరిచి, జాతకాలు కలిపే అయ్యగారిలా ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాడు. జయపాల్ పరాయివాడు కాదు, ఆమె స్నేహితురాలు స్టెల్లాకు చిన్నమ్మ కొడుకు. నోరు కాస్త దురుసు, చెయ్యి మాత్రం మహా నెమ్మది. తమ్ముడు ఐలేష్ కొన్న ప్రాసెసర్‌ను వెల్లకిలా తిప్పితే అడుగున దువ్వెన పళ్లకంటే సన్నటి పిన్నులు. బాపు బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చదరానికి మూత తీస్తే అక్కడా పిన్నులే.

"ఇటు సూడక్కా. దీనికి పిన్నులే, మీ బాపు బోర్డుకు సుత పిన్నులే. అవి దిగేతందుకు తొర్రలు ఎవలికీ లేవు. ఎట్ల కూసుంటయ్ చెప్పు?"

ఉమారాణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండెలో రాయి పడింది. బాపునూ తమ్ముడినీ ఒకే చాప మీద కూర్చోబెడితే సరిగ్గా ఇంతే, ఇద్దరూ పొడిచేవాళ్లే. ఇక స్టెల్లా ఇచ్చిన ఎస్‌ఎస్‌డి, వీడియోలన్నీ దాచుకునే డిస్కు. చూపుడువేలంత పొడవు, పలుచటి పట్టీ, వైర్లు అక్కర్లేదు, బోర్డు మీద పడుకోబెట్టి ఒక మర బిగిస్తే చాలు. దాన్ని పడుకోబెట్టే చోటే బాపు బోర్డులో లేదు. ఇది పాత తరం బోర్డక్కా, ఇప్పుడు గూడ దొరుకుతది, పాత కంప్యూటర్లు బాగుచేసుకునేటోళ్లు కొంటరు, మాల్ మంచిదే కని నీకు పనికిరాదు, అని తేల్చి చెప్పేశాడు జయపాల్. పనికిరాదు అనే మాట ఎంత సులువుగా అనేశాడు! ఆ మాటను బాపు ముందు తాను అనాలి, నోట్లో నాలుక లేని తాను, బాపు ముఖం వాడితే అన్నం సహించని తాను. కరెంటు వచ్చేలోపు, బాపు మెట్లెక్కేలోపు ఆ మాటకు బదులు ఇంకో మాట దొరకాలి.

అసలు తప్పు ఎవరిదంటే ఎవరిదీ కాదు, ఇంటి అలవాటుది. వానాకాలం మొదట్లో ఇంటి పక్క స్తంభం మీద పిడుగు పడి ఆమె పాత కంప్యూటర్ కమురు వాసన కొట్టి కన్ను మూసింది. తుర్కయాంజాల్ నుంచి కందుకూరు దాకా ఫొటో స్టూడియోల వాళ్లు పెళ్లిళ్లు తీసి మెమరీ కార్డులు తెచ్చి ఉమారాణి చేతిలో పోస్తారు, ఆమె వాటిని కత్తిరించి అతికించి పాటలు కలిపి పెళ్లి వీడియో చేసి ఇస్తుంది. ఎవరో తెలియని పెళ్లికూతుళ్లు ఎంతమందో ఆమెకు తెలుసు, జీలకర్ర బెల్లం వేళ ఎవరి చెయ్యి వణికిందో, అప్పగింతలప్పుడు ఎవరు ఏడుపు ఆపుకొని నవ్వారో వాళ్ల తల్లులకంటే బాగా తెలుసు. వాళ్లంతా తనకు తిండి పెట్టిన వాళ్లే అనుకుంటుంది. కంప్యూటర్ పోయాక కందుకూరు పెళ్లి ఒకటి సగంలో ఆగింది, స్టూడియో వాళ్లు ఒకసారి మర్యాదగా, ఒకసారి మర్యాద లేకుండా ఫోన్ చేశారు. ఆ ఐతారం అమ్మ సిద్దమ్మ చేపల పులుసు పెట్టింది, ఐలేష్, వాడి భార్య నందిని, పక్కనే స్టెల్లా, అందరూ తింటున్నారు, ఉమారాణి ముద్ద దిగక కూర్చుంది. ఐలేష్ చెయ్యి నాక్కుంటూ, "అక్కకు వల తెగింది. కొత్త వల అల్లుదాం," అన్నాడు. అంతే, ఎవరూ ఇంకో మాట అడగలేదు. ఏది ఎవరు కొనాలో పంచుకున్నారు కానీ, ఎలాంటిది కొనాలో ఎవరూ ఎవరినీ అడగలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈ ఇంట్లో అడిగితే చిన్నబుచ్చుకుంటారు, పెట్టేవాళ్లు అడిగి పెడతారా అంటారు.

కొత్త వల అల్లుదాం అంటే ఆ ఇంట్లో ఒక అర్థం ఉంది. పెద్ద చెరువు ఏళ్లకేళ్లు ఎండిపోయి, తుమ్మచెట్లు మొలిచి, పిల్లలు అందులో క్రికెట్ ఆడుకున్న కాలంలో ఉమారాణి పెరిగింది. చెరువు లేని బెస్తవాడు ఏం చేస్తాడు? బాపు బిక్షం తుర్కయాంజాల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు, నీళ్ల మీద నిలబడిన కాళ్లతో కార్ల మధ్య నిలబడ్డాడు. వాన పడితే చాలు, సెల్లారులో నిలిచిన నీళ్ల వైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపును ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. అట్లాంటిది ఒక ఏడాది వానలు ముంచెత్తి చెరువు నిండింది. అలుగు దూకుతోందని ఫోన్ వస్తే బాపు డ్యూటీ బట్టల మీదే బస్సెక్కి వచ్చేశాడు, గట్టు మీద నిలబడి పొద్దు గూకేదాకా కదల్లేదు. నీళ్లొచ్చాయి కానీ వలలు లేవు, ఉన్నవి అటక మీద ఎలుకల పాలయ్యాయి. అప్పుడు కులపోళ్ల ఇళ్లలో పాత పద్ధతే మళ్లీ మొదలైంది. ఒక వల ఒక్కింటితో కాదు, తలా ఒక తునక అల్లి పెడతారు, ఆ తునకలన్నీ కలిపి కుట్టి ఒక ఇంటికి ఇస్తారు, తర్వాత ఇంకో ఇంటికి. అందరూ ఒకే వెడల్పు వెదురు బద్ద మీద దారం ముడి వేయాలి, బద్ద ఎంత వెడల్పో వల కన్ను అంత. కన్ను కన్ను కలిస్తేనే తునకకు తునక అతుకుతుంది. బాపు వలకు ఉమారాణి కూడా ఒక తునక అల్లింది. వెదురు బద్ద కనబడకపోతే, చదువుకున్నది కదా, తన బల్ల మీది ప్లాస్టిక్ స్కేలు పెట్టి అల్లింది. తీరా చూస్తే ఆమె అల్లిన వల కళ్లు మిగతా వాటికి రెండింతలు, చందమామ చేపలు కూడా జారిపోయేంత. అమ్మ నెత్తి కొట్టుకుంది, ఐలేష్ పడి పడి నవ్వాడు. బాపు మాత్రం ఆ తునకను పక్కకు తీసి, మడిచి, అంచులు కుట్టి, మెడకు తాడు వేసి సంచి చేసుకున్నాడు. పట్టిన చేపలు మోసేందుకు నీళ్లు కారిపోయే సంచే కావాల్సిందని అన్నాడు. ఆ సంచి లేకుండా బాపు ఇప్పటికీ చెరువుకు పోడు.

ఆలోచనల్లో ఎటో పోయిన మనిషిని జయపాల్ బల్ల మీద తట్టి పిలిచాడు. ఏ బోర్డో చెప్పక్కా, చేతులతోటి బిగించుడుకు కరెంటెందుకు, అన్నాడు. ఉమారాణి మూడింటి వైపూ చూసింది. మొదటిది చిన్నది, చవకది, ఐలేష్ ప్రాసెసర్ అందులో పడుతుంది, స్టెల్లా ఎస్‌ఎస్‌డి కూడా పడుతుంది, కానీ సగం వేగంతోనే నడుస్తుందట. మూడోది రాజుల సొమ్ము, నిండా దీపాలు, ఐలేష్ చూస్తే అక్కడే సాష్టాంగపడతాడు. నడిమిది దీపాలు లేనిది, నల్లగా, పనిమంతురాలిలా ఉంది. ఎస్‌ఎస్‌డి దాని మీద పూర్తి వేగంతో పరుగెడుతుంది, రేపెప్పుడైనా ఇంకోటి పెట్టుకోవాలంటే రెండో చోటు కూడా ఉంది, వేడెక్కకుండా మీద ఇనుప రేకు ఉంది. సగం వేగం చాలదా అంటే నిజానికి పెళ్లి వీడియోలకు చాలా మటుకు చాలుతుంది. కానీ అది స్టెల్లా ఇచ్చినది. స్టెల్లా హయత్‌నగర్‌లో నర్సు, సెలవు దొరికితే వచ్చి పక్కన కూర్చునేది, వీడియో తయారవుతున్నప్పుడు తెర మీద ఒక గీత చీమ నడకతో నిండుతుంటే ఇద్దరూ దాన్నే చూసేవాళ్లు. నీ ఆయుష్షంత గీ గీత నిండుడు సూస్తనే పోయేటట్టున్నదే, అనేది స్టెల్లా. డిగ్రీ అయ్యాక మౌసు పట్టడం రాని ఉమారాణిని తమ చర్చికి తీసుకెళ్లి, అక్కడి పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, క్రిస్మస్ పాటల వెనక బొమ్మలు అతికించడం నేర్పింది ఆమే. బొట్టు పెట్టుకున్న పిల్ల ఇక్కడేం చేస్తోందని ఎవరూ అడగలేదు, స్టెల్లా తండ్రి ఎల్లస్వామి రోజూ వచ్చి ఒక బిస్కెట్ పుడా పెట్టి పోయేవాడు. జయపాల్ దగ్గరికి వచ్చి స్టెల్లా అడిగిందట, అన్నిట్లకెల్లి ఎక్కువ ఉరికేది ఇయ్యమని, ఏ బోర్డుకు అంటే గదంత నాకెరుక లేదన్నదట. వేగం అనుకొని ఇవ్వలేదు స్టెల్లా, తీరుబడి అనుకొని ఇచ్చింది. దాన్ని తెచ్చి సగం వేగానికి కట్టేస్తే ఇచ్చిన చేతిని సగం పట్టుకున్నట్టు ఉంటుంది.

"నడిమిది బిగించు తమ్మీ."

"గట్ల జెప్పు. నేను గూడ గదే అనుకున్న."

ఐలేష్ ప్రాసెసర్ దాని తొర్రల్లో నిశ్శబ్దంగా దిగిపోయింది, ఒత్తిడి లేదు, బలవంతం లేదు, పొత్తు కుదిరిన పనికి చప్పుడుండదు. ఆదిబట్ల కంపెనీలో విడిభాగాలు బిగించే పనిలో చేరాక వాడికొచ్చిన మొదటి బోనస్ ఇది. మోటారు సైకిల్ కొనుక్కుంటాడని ఇంట్లో అందరూ అనుకున్నారు, వాడు ఇప్పటికీ కంపెనీ బస్సుకే పరుగెడుతున్నాడు, పైగా అడిగితే బస్సు కిటికీ పక్కన నిద్ర మస్తుంటది అంటాడు. చిన్నప్పుడు తన పలక పగలగొట్టి అమ్మ దగ్గర తననే దొంగను చేసినవాడు వీడేనా! ఉమారాణికి ఆ ప్రాసెసర్ మీద చెయ్యి వేసి నిమరాలనిపించింది, ముట్టద్దక్కా అని జయపాల్ కసిరాడు. ఎస్‌ఎస్‌డి కూడా తన చోట పడుకుంది, చిన్న మర బిగిసింది. తమ్ముడూ స్నేహితురాలూ ఒక పీట మీదికి వచ్చారు. బాపు ఒక్కడే బయట, తన ఒళ్లో.

ఆమె మొహం చూసి జయపాల్‌కు జాలేసినట్టుంది. "ఎందుకక్కా అంత పరేషాన్? డబ్బా మూసినంక లోపట ఏ బోర్డున్నదో ఎవలికెరుక? నీదే బాపు అని జెప్పు, అయిపోతది."

ఆ మాట ఎంత తియ్యగా ఉందో! పాము చావాలి, కర్ర విరగకూడదు. ఒక్క క్షణం ఉమారాణి మనసు దానివైపు జారింది కూడా, అంతలోనే కొత్త క్యాబినెట్ కంట్లో పడింది. ఐలేష్ ఏరికోరి తెచ్చిన క్యాబినెట్, ఒక పక్క గోడంతా అద్దం. లోపలి దీపాలు కనబడాలట వాడికి. మూసినా తెరిచినా ఒకటే, పెళ్లి మండపంలా అంతా బయటికే. ఇక బాపు ఆ బోర్డును గుర్తుపట్టకుండా ఉంటాడా? తెచ్చిన రోజు దాన్ని గోనెసంచి పరిచి దాని మీద పెట్టి, మనవరాలికి స్నానం పోసి చూపించినట్టు అందరికీ చూపించాడు. గీ నీలిరంగు పట్టీలు సూడు బిడ్డా, గీ మూలకున్న తొర్ర సూడు, పాతదాన్లెక్కనే ఉన్నది, అన్నాడు. మంచిగున్నది బాపు అన్నదే తప్ప తాను సరిగ్గా చూడనే లేదు, బాపు కొన్న వస్తువు అన్న సంబరంలో కళ్లు మసకేశాయి. అయినా అబద్ధం ఎట్లా చెబుతుంది? తన పనికిరాని తునకను బాపు ఎవరి ముందూ దాచలేదు, బాగుందని అబద్ధమూ ఆడలేదు. సంచి చేశాడు. బోర్డును సంచి చేసే తెలివి తనకు లేకపోయింది.

చివరిసారి చూద్దామన్నట్టు పెట్టె మూత తీసింది. తళతళలాడే సంచిలో బోర్డు, నీలిరంగు పట్టీలు. దాన్ని పైకెత్తితే కింద అట్ట అర. పెట్టె ఖాళీ అయినా ఇంకా బరువుగా ఎందుకుందో అర్థం కాలేదు. అట్ట ఎత్తింది. అడుగున పాత పేపర్లో చుట్టిన పలక లాంటిది, మీద వల దారం, దారానికి ముడి. ఆ ముడిని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది, ఒక కొస లాగితే విడిపోయే బాపు ముడి. లాగింది. పేపర్ విడింది, కమురు వాసన వచ్చింది. పిడుగుకు కాలిపోయాక జయపాల్ ఊడదీసి ఇచ్చిన తన పాత మదర్‌బోర్డు. పాత సామాన్లవాడు ఎత్తుకుపోయాడనుకొని ఆమె అమ్మతో పేచీ కూడా పెట్టుకుంది. కాలినదాన్ని ఎడమ చేతిలో, బాపు బోర్డును కుడి చేతిలో పట్టుకొని ఆమె మార్చి మార్చి చూసింది. నీలిరంగు పట్టీలు అవే. మూల తొర్రలు ఒకదాని మీద ఒకటి పెడితే అటు నుంచి ఇటు కిటికీలోని వెలుగు కనిపించింది. ప్రాసెసర్ కూర్చునే చదరం అదే.

బాపు కొలత తీసుకుపోయాడు. వల తెగితే అల్లేవాడు ఏం చేస్తాడు, పాత వల తునక ఒకటి చేత పట్టుకొని పోతాడు, దానికి కన్ను కలిసే దారమూ బద్దా ఎంచుకొస్తాడు. బాపు ఎప్పుడూ అడుగు పెట్టని దుకాణాల ముందు, లుంగీ సర్దుకుంటూ, కాలిన బోర్డును పేపర్లోంచి తీసి, గిసొంటిది ఉన్నదా బిడ్డా అని అడుగుతూ, లేదంటే మళ్లీ చుట్టి ముడి వేసుకొని పక్క దుకాణానికి పోతూ. ఆమెకు ఆ ముడి ఎన్నిసార్లు విప్పి కట్టాడో కనిపించింది. ఎవరైనా నవ్వి ఉంటారు, తాతా కాలం మారిందని అని ఉంటారు, బాపు వినలేదు, కన్ను కలిసేదాకా వదల్లేదు. కొత్త కంప్యూటర్‌కు కొత్త కన్ను ఉంటుందని బాపుకు ఎవరు చెప్పాలి? తాను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు, అడిగి పెట్టే ఇల్లు కాదాయె. ఉమారాణికి ఏడుపొచ్చింది. బాధతో వచ్చిన ఏడుపు కాదది. తన చుట్టూ ఉన్నవాళ్లు ఇంత మంచివాళ్లు, ఇంత తెలివితక్కువ మంచివాళ్లు, వీళ్ల మధ్య పుట్టడానికి తానేం పుణ్యం చేసుకుంది అనిపించి వచ్చిన ఏడుపు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. జయపాల్ చూసీ చూడనట్టు స్క్రూలు ఏరుకుంటున్నాడు.

కళ్లు తుడుచుకునేసరికి బల్ల కింద ఉన్న పాత క్యాబినెట్ కనిపించింది. కందుకూరు పెళ్లి అందులోని హార్డ్ డిస్క్‌లో ఇరుక్కుపోయింది, దాన్ని కొత్త ఎస్‌ఎస్‌డిలోకి ఎక్కించమని తానే పొద్దున ఆటోలో వేసుకొచ్చింది. బోర్డు లేని ఖాళీ ఇల్లు. ఆమె దాన్ని బల్ల కిందినుంచి బయటికి లాగింది.

"జయపాలూ, పాత ప్రాసెసర్ అండ్లనే ఉన్నది గదా? ర్యాము గూడ?"

"కాలిన బోర్డు ఊడదీసినప్పుడే అన్ని తీసి గీ కవర్ల పెట్టిన. ఎందుకు?"

"బాపు బోర్డును పాతదాంట్ల బిగించు."

జయపాల్ ఆమె చేతుల్లోని రెండు బోర్డులనూ చూశాడు, కాలినదాన్ని అందుకున్నాడు, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకు పట్టి చూశాడు. దురుసు మాట ఏదో రాబోయి ఆగిపోయింది. "గిట్ల పట్టుకపోయి తెచ్చిండా!" అన్నాడు నెమ్మదిగా, తర్వాత, "కని అక్కా, పిడుగుకు ఒక్క బోర్డే పోయిందో, ప్రాసెసర్ గూడ పోయిందో కరెంటొస్తెనే తెలుస్తది," అన్నాడు. ఇప్పటిదాకా కరెంటు రావద్దని మొక్కిన నోటితోనే ఉమారాణి మొక్కు తిప్పుకుంది. రావాలి, బాపు కంటే ముందు రావాలి. పాతది బతికితే ఏమవుతుందో ఆమె మనసు అప్పుడే పరుగెత్తింది. మరదలు నందిని రోజూ మధ్యాహ్నం వంట ముగించి వచ్చి, వదినె నేను గూడ చేస్తనని ఫొటోలు ఏరిపెట్టేది, ఏ ఫొటోలో ఎవరి కళ్లు మూతపడ్డాయో చిటికెలో పట్టేసేది. కూర్చోవడానికి రెండో కంప్యూటర్ లేక ఆ పిల్ల ఆమె భుజం మీదుగా మెడ చాచి చూసేది. ఇక మెడ చాచే పని లేదు. జయపాల్ పాత ప్రాసెసర్‌ను తుడిచి బాపు బోర్డులో పెట్టాడు, దాని అడుగున పిన్నులు లేవు, నున్నగా చుక్కలే ఉన్నాయి, బోర్డు పిన్నుల మీద అది వాలింది. బోర్డును క్యాబినెట్‌లో దించాడు. మూల తొర్రలన్నీ మేకుల మీద సరిగ్గా కూర్చున్నాయి.

ఫ్యాను ముందు తిరిగింది. కింద టిఫిన్ సెంటర్‌లో ఎవరో కరెంటొచ్చిందని కేక వేశారు. జయపాల్ పాత క్యాబినెట్‌కు వైరు తగిలించి మీట నొక్కాడు. ఏమీ కాలేదు. ఉమారాణి చెంగు గుప్పిట్లో నలిగింది. జయపాల్ ర్యామును తీసి, చివరలు రుద్ది, మళ్లీ దింపి నొక్కాడు. లోపల చిన్న గాలి కదిలింది, ఒక్కసారి కూత పెట్టింది, తెర మసక వెలుగు పట్టి నెమ్మదిగా తెల్లబడింది. ఉమారాణి సగంలో ఆగిన వీడియోను తెరిచింది. కందుకూరు పెళ్లికూతురు, తలంబ్రాల దోసిలి పైకెత్తి, పిడుగు పడిన పూట ఎక్కడ ఉందో అక్కడే ఉంది. అప్పుడే మెట్ల మీద బాపు దగ్గు వినబడింది.

బిక్షం చెప్పులు కింది మెట్టు దగ్గరే విడిచి వచ్చాడు. భుజానికి ఆ సంచి, దాని పెద్ద కళ్లలోంచి నీటి చుక్కలు. ఒంటి నిండా చెరువు వాసన. గడప దాటకుండానే కొత్త క్యాబినెట్ అద్దంలోంచి లోపలికి చూశాడు, వంగి చూశాడు, తల పక్కకు వంచి చూశాడు. ఆ చూపు ముందు ఉమారాణి ఎన్నడూ ఏదీ దాచలేదు.

"గిది నాది గాదు గదా బిడ్డా."

"కాదు బాపు." అంది ఉమారాణి. పాత క్యాబినెట్ ఆమె వెనక ఉంది, తెర గడపకు కనబడకుండా పక్కకు తిరిగి ఉంది, చూపిద్దామంటే చెయ్యి కదల్లేదు.

బిక్షం వంగిన నడుము ఎత్తాడు. తర్వాత నవ్వాడు, పొద్దంతా నీళ్లలో నానిన ముఖంతో, మనస్ఫూర్తిగా నవ్వాడు. "కన్ను తప్పిననా? పోనీ తీ. రంది పెట్టుకోకు," అంటూ భుజం మీది సంచిని కొద్దిగా పైకెత్తి చూపించాడు. "నీ తునక గూడ నా వలకు పడకపాయె. మరి గిది లేకుంట నేను ఒక్క దినమన్న చెరువు మీదికి పోయిన్నా? నా బోర్డును ఇంట్ల యాడ్నన్న పెట్టుకో. ఎప్పుడన్న అక్కరకొస్తది."

అప్పుడు కదిలింది ఆమె చెయ్యి. పక్కకు జరిగి, తెరను బాపు వైపు తిప్పింది, పాత క్యాబినెట్ తలుపు తీసి లోపల చూపించింది. నీలిరంగు పట్టీలు, మూల తొర్రలు, నడుస్తున్న చిన్న ఫ్యాను. "కన్ను తప్పలే బాపు. నువ్వు పాత వల కొలత పట్టుకపోయినవ్. పాత వలనే అల్లినవ్. నాకు రెండు వలలైనయి, ఒకటి నాకు, ఒకటి నందినికి," అంది, చెబుతూ చెబుతూ ఏడ్చేసింది, సిగ్గు లేకుండా, జయపాల్ చూస్తుండగానే. బిక్షం గడప దాటి వచ్చాడు, క్యాబినెట్ ముందు కింద కూర్చున్నాడు, వల తాళ్లకు కోసుకుపోయిన అరచేతిని ఫ్యాను దగ్గర పెట్టి వచ్చే గాలిని కాసేపు చూసుకున్నాడు. తెర మీది పెళ్లికూతురిని చూసి, ఎవల బిడ్డనో సల్లగుండ అన్నాడు. తర్వాత సంచిలోంచి ఒక కొర్రమట్టను తీసి, అమ్మకుండా పక్కకు పెట్టిన ఆ ఒక్క చేపను బల్ల మీద కాకుండా కిందే పేపర్ మీద, కాలిన బోర్డు చుట్టిన ఆ పాత పేపర్ మీదే పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకొని ఫోన్ తీశాడు. మంచి చేప పడిన దినాల్లో ఇంటికి ఎట్లా చేస్తాడో అట్లాగే చేశాడు.

"సిద్దమ్మా, మసాలా నూరు. స్టెల్లాను రమ్మను, ఐలేష్‌ను డ్యూటీ దిగంగనే సక్కగ రమ్మను. బియ్యం జర ఎక్కువ పొయ్యి."